పొద్దున ఎనిమిదింటికే నిద్రపోయే పిల్ల

మా వీధి అమ్మాయి ఒకతె ఈ మధ్యే అంగన్‌వాడీలో చేరింది. వారం తిరగకముందే నా దగ్గరికి వచ్చి కూర్చుంది.

"పెద్దమ్మా, పసిపిల్లలను పగటిపూట ఎంతసేపు పండబెట్టాలె? పుస్తకంల ఒక తీరు రాసిన్రు, పిల్లలు ఒక తీరు ఉన్నరు. నేను పరేషాన్ అయితున్న."

ఒక్క మాటలో చెప్పగలిగితే చెప్పి పంపేదాన్ని. చెప్పలేక ఇది రాస్తున్నాను. ఆ అమ్మాయి ఒక్కతికే కాదు, ఈ పనిలోకి కొత్తగా వచ్చే అందరికీ.

నేను పనిచేసింది పసిపిల్లల కేంద్రాల్లో. పనికి పోయే తల్లులు పొద్దున వదిలిపోతే సాయంత్రం దాకా చూసుకునే చోటు. జనగామలో మొదలుపెట్టాను. తర్వాత మానుకోట, అంటే ఇప్పటి మహబూబాబాద్. ఆ తర్వాత భూపాలపల్లి వైపు. అప్పటికి ఇవన్నీ వరంగల్ జిల్లాలోనివే. నాకు జీతం ఎప్పుడు పెరిగింది, ఏ కుర్చీలో కూర్చున్నాను అనేవి మీకు అక్కరలేదు. తేదీ, గంట సరిగ్గా చెప్పకపోతే నాకు తృప్తిగా ఉండదు కాబట్టి అవి మాత్రం అక్కడక్కడ వస్తాయి.

మిల్లు ఆగినప్పుడు

1969లో నేను హన్మకొండలో పీయూసీ చదువుతున్నాను. ప్రత్యేక తెలంగాణ ఉద్యమం వచ్చి కాలేజీలు మూతపడ్డాయి. నేనూ ఊరేగింపుల్లో నడిచాను. పరీక్షల మాట తేలేట్టు లేదని మా బాపు నన్ను జనగామ తీసుకొచ్చేశాడు. ఇంట్లో ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు. స్టేషన్ దగ్గర ఒక బియ్యం మిల్లు వెనక మహిళా మండలి వాళ్లు పిల్లల కేంద్రం నడుపుతున్నారని తెలిసి, రెండు నెలలు సాయం చేద్దామని వెళ్లాను. ఆ రెండు నెలలే నా ఉద్యోగమయ్యాయి.

అక్కడ పెద్ద సుగుణమ్మ గారు. కృష్ణా జిల్లా మనిషి. భర్త రైల్వేలో పనిచేసేవాడు. ఊళ్లో గోడలన్నీ ఆమెను వెళ్లిపొమ్మని చెబుతున్న రోజులు అవి. నన్ను పైనుంచి కింది దాకా చూసి అడిగింది:

"నినాదాలు ఇచ్చావా?"

"ఇచ్చినండి."

"గొంతు బాగానే ఉంటుందన్నమాట. ఆ మూల తొట్టెల్లో పిల్లాడు ఏడుస్తున్నాడు, వెళ్లి పాట పాడు."

ఆమెతో నా మొదటి మాటలు అవే. తర్వాత పదిహేనేళ్లు ఆమె కిందే పనిచేశాను.

మా కేంద్రానికీ మిల్లుకూ మధ్య ఒక్కటే గోడ. పొద్దంతా ధడధడమని మోత. ఇంత చప్పుడులో పిల్లలు ఎట్లా పడుకుంటారా అని నాకు ఆశ్చర్యంగా ఉండేది. ఒకరోజు పదకొండింటికి ఉద్యమం కుర్రవాళ్లు వచ్చి మిల్లు ఆపించారు. మోత ఆగిపోయింది. ఆగిన క్షణంలో తొట్టెల్లో ఉన్న పిల్లలందరూ ఒక్కసారి లేచి ఏడుపు అందుకున్నారు. వాళ్లకు ఆ మోతే జోలపాట. అది లేకపోతే ఏదో పోయినట్టే.

సుగుణమ్మ గారు చాటలో గుప్పెడు బియ్యం పోసుకుని తొట్టెల పక్కన ఆడించడం మొదలుపెట్టింది. నాకూ ఆయాకూ తలా ఒక చాట ఇచ్చింది. మిల్లు ఆపిన కుర్రవాళ్లు ఆమెను కూడా ఏదో అడుగుదామని గుమ్మంలోకి వచ్చారు. ఆమె పెదవుల మీద వేలు పెట్టి, ముందున్నవాడి చేతిలో ఇంకో చాట పెట్టింది. వాడు నాతో చదివినవాడే. పది నిమిషాలు చాట ఆడించి, సగం మంది పిల్లలు పడుకున్నాక, చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్లిపోయాడు.

పసిపిల్ల నిద్ర దేనికో ఒకదానికి కట్టి ఉంటుంది. మోతకు, వాసనకు, ఒక మనిషి ఒడికి. అది దేనికి కట్టి ఉందో తెలుసుకోకుండా దాన్ని సరిచేయబోకండి.

మూడు నిద్రలు రెండు కావడం

పుస్తకం తప్పేమీ చెప్పదు. నాలుగో నెల దాకా పిల్లల నిద్రకు వరుస ఉండదు, వెతకొద్దు. ఆ తర్వాత పగలు మూడు నిద్రలు కనిపిస్తాయి: పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, పొద్దుగూకే ముందు చిన్న కునుకు. ఏడెనిమిది నెలలకు ఆ సాయంత్రపు కునుకు రాలిపోతుంది. ఏడాది దాటాక, ఏడాదిన్నరలోపు, పొద్దుటి నిద్ర కూడా పోయి మధ్యాహ్నానిది ఒక్కటే మిగులుతుంది. ఇంతవరకు పుస్తకం చెబుతుంది.

చెప్పనిది ఏమిటంటే, ఒక నిద్ర రాలిపోవడానికి రెండు మూడు వారాలు పడుతుంది, ఆ వారాల్లో పిల్ల మీ ప్రాణం తీస్తుంది. పొద్దున పడుకోదు. అన్నం పెడుతుంటే ముద్ద నోట్లో పెట్టుకుని ఒరిగిపోతుంది. అప్పుడు పడుకుంటే సాయంత్రం దాకా లేవదు, లేస్తే రాత్రి తల్లిని పడుకోనివ్వదు. తల్లి తెల్లారి వచ్చి మీ మీద అరుస్తుంది. అరవనివ్వండి. పిల్లకు జబ్బు కాదు, దిష్టి కాదు, పెరుగుతోంది.

మానుకోటలో ఉండగా పైనుంచి ఒక ఆఫీసరు గారు వచ్చి, పిల్లలందరూ పన్నెండింటి నుంచి రెండింటి దాకా ఒకేసారి పడుకోవాలి, తాను మళ్లీ వచ్చి చూస్తాను అని చెప్పి వెళ్లాడు. అన్నట్టే ఒక మే నెల మధ్యాహ్నం, నెల్లికుదురులో పని చూసుకుని, ఎండనబడి వచ్చాడు. పిల్లల్లో సగం మంది మేలుకుని పాకుతున్నారు. ఆయన కోపంగా కుర్చీలో కూర్చున్నాడు. తడిపిన వట్టివేళ్ల తడిక గాలికి, ఐదు నిమిషాల్లో తల వాల్చేశాడు. మా ఆయా వచ్చి నాతో గుసగుసగా, "అక్కా, గీ ఒక్క పిలగాడే టైముకు పండిండు, రాసుకో" అంది. నవ్వు ఆపుకోలేక నేను బయటికి పోవలసి వచ్చింది. లేచాక ఆయన మంచినీళ్లు తాగి, ఏమీ అనకుండా సంతకం పెట్టి వెళ్లాడు. మంచివాడే.

పిల్లలందరూ ఒకేసారి పడుకోవాలనే కోరిక ఎక్కడైనా పెద్దవాళ్ల కోసమే, పిల్లల కోసం కాదు. మనకూ తినడానికి, నడుం వాల్చడానికి సమయం కావాలి కదా. అది తప్పు కాదు. కానీ అది మన అవసరం అని ఒప్పుకోండి, పిల్ల మీదికి నెట్టకండి.

ఊరికే పడుకునే బంగారు పిల్లాడు

ఇప్పుడు చెప్పబోయేది మీ తరం చూడకపోయి ఉండవచ్చు. చూడకుండానే ఉండాలని కోరుకుంటాను.

నాట్ల రోజుల్లో ఇంట్లో ఉన్న ఆడవాళ్లందరూ పొలంలో ఉంటారు. పిల్లను ఒడ్డున పెట్టాలి, లేదా చూపు ఆనని ముసలామె దగ్గర వదలాలి. పిల్ల ఏడిస్తే పని ఆగుతుంది, మేస్త్రి ఊరుకోడు. అందుకని కొన్ని ఇళ్లలో పిల్ల నాలుకకు నల్లమందు రాసేవారు. ఆవగింజంత. సాయంత్రం దాకా కదలకుండా పడుకునేది. పెట్టినవాళ్లు రాక్షసులు కారు. వాళ్ల తల్లి వాళ్లకు పెట్టింది, వాళ్లు బతికారు, అందుకని పెట్టారు.

1971 వానాకాలంలో, పాలకుర్తి వైపు నుంచి మిల్లు పనికి వచ్చిన ఒక కుటుంబం జనగామలో మా దగ్గర పిల్లాణ్ని వదిలేది. ఊరికే పడుకునేవాడు. బంగారు పిల్లాడు అని మేం ముద్దుచేసేవాళ్లం. నాలుగో రోజు ఎంత లేపినా లేవలేదు. సుగుణమ్మ గారు వాణ్ని గుండెకు అదుముకుని రిక్షాలో దవాఖానకు పరుగెత్తింది. దారిలోనే పోయాడు. ఆమె తిరిగొచ్చి, ఆ పిల్లాడి గుడ్డలు తానే ఉతికి ఆరేసింది.

అప్పటి నుంచి గట్టిగా నిద్రపోయే ఏ పిల్ల దగ్గరికైనా ఆమె వచ్చి నిలబడేది. నాకు ఆనవాళ్లు నేర్పింది. మందు నిద్రలో కంటిపాప సూది మొనంత అయిపోతుంది. ఊపిరి ఆగి ఆగి వస్తుంది. పెదవికి వేలు తగిలించినా చీకదు. మామూలు నిద్ర ఎంత గాఢంగా ఉన్నా ఊపిరి సమంగా ఉంటుంది, పెదవి తాకితే పాలు తాగుతున్నట్టు ఆడిస్తుంది. మీకు అనుమానం వస్తే వాదన పెట్టుకోకండి, పిల్లను ఎత్తుకుని దవాఖానకు పరుగెత్తండి. అనుమానం తప్పయినా పిల్లకు నష్టం లేదు.

అయితే తప్పుడు అనుమానం పెద్దవాళ్లను ఏంచేస్తుందో నేను భూపాలపల్లిలో చూశాను.

తునికాకు కల్లం దగ్గర

1979 ఎండాకాలం. భూపాలపల్లి దాటాక అడవి అంచున ఒక పల్లె. బీడీలు చుట్టే తునికాకు ఏప్రిల్ చివర నుంచి కొన్ని వారాలే దొరుకుతుంది. ఆ వారాల్లో ఊరంతా అడవిలో ఉంటుంది. చీకటితో పోయి ఆకు తెంపి, మధ్యాహ్నానికి తెచ్చి, నీడలో కూర్చుని కట్టలు కట్టి, సాయంత్రం కల్లంలో అప్పజెబుతారు. కల్లం అంటే ఆ కట్టలను వరుసగా ఎండబెట్టే మైదానం. దాని పక్కన పచ్చికొమ్మల పందిరి వేసి, ఆ సీజను వరకు పిల్లల కేంద్రం పెట్టాం. నేనూ ఒక ఆయా పక్కనున్న బడిలో ఉండేవాళ్లం. పొద్దున ఏడింటికి తెరిచేవాళ్లం. ఇంటి పెద్దవాళ్లు పిల్లలను తెచ్చి వదిలేవారు. మొత్తం పదకొండు మంది.

అందులో సరోజ ఎనిమిది నెలల పిల్ల. రోజూ ఏడింటికి నాయనమ్మ పోశవ్వ తెచ్చి చాప మీద పెట్టి, చెంబెడు నీళ్లు తాగి, మాట్లాడకుండా అడవి వైపు వెళ్లిపోయేది. తల్లి సారక్క మధ్యాహ్నం ఆకుమూటతో వచ్చి పాలిచ్చేది. ఆ ఇంట్లో ఆడవాళ్లు వాళ్లిద్దరే.

మిగతా పిల్లలు పొద్దున వచ్చి పదింటి దాకా ఆడేవారు. సరోజ మాత్రం ఎనిమిది కాకముందే పడిపోయేది. జావ తాగిస్తుంటే గిన్నె దగ్గరే కళ్లు మూతపడేవి. ఆయా బకెట్ దబ్బున పెట్టినా కదిలేది కాదు. చేయి ఎత్తి వదిలితే వడిలిన ఆకులా కింద పడేది. పదిన్నరకు లేచి నవ్వేది.

సుగుణమ్మ గారు అప్పటికి జిల్లా అంతటి కేంద్రాలనూ చూసే పెద్ద. ఆ వారం మా దగ్గర ఉండి పని చూడటానికి వచ్చింది. వచ్చిన రోజే సరోజ పక్కన నిలబడిపోయింది. వంగి రెప్ప ఎత్తి చూసింది.

"ప్రమీలా, ఈ పిల్లకు మందు పెడుతున్నారు."

"కంటిపాప మామూలుగనే ఉందండి. పెదవి మీద వేలు పెడితే చీకుతోంది కూడా."

"తక్కువ పెట్టి ఉంటారు. పొద్దున ఆరింటికి లేచిన పిల్ల ఎనిమిదింటికి ఇట్లా పడిపోతుందా? నువ్వే లెక్క చెప్పు."

లేచిన రెండు గంటలకు కునుకు రావడం వింత కాదు. కానీ ఈ పిల్లది కునుకు కాదు. ఎన్నింటికి లేచిందో మేం ఎవరినీ అడగలేదు. పల్లెలో పసిపిల్లలు తెల్లారాక లేస్తారు అనుకున్నాం, అంతే.

మధ్యాహ్నం ఆడవాళ్లందరూ పందిరి ముందు నీడలో కూర్చుని కట్టలు కడుతున్నారు. సారక్క పిల్లకు పాలిస్తోంది. సుగుణమ్మ గారు అందరిలోనే అడిగేసింది. పక్కకు పిలిచి అడిగి ఉండాల్సింది. కానీ ఆమె కళ్ల ముందు జనగామ పిల్లాడు ఉన్నాడు.

"ఏమ్మా, పొద్దున పిల్లకు ఏం పెడుతున్నారు?"

"ఏం పెడ్తం అమ్మా, నా పాలే."

"నల్లమందు పెడుతున్నారా?"

ఆకు చప్పుడు ఆగిపోయింది. సారక్క సుగుణమ్మ గారి వైపు చూడలేదు. నాలుగు అడుగుల దూరంలో కూర్చున్న అత్త వైపు చూసింది.

"అత్తా. మల్ల పెట్టినవా?"

పోశవ్వ చేతిలో కట్ట అట్లాగే ఉంది. "నా కండ్లు పోను. పెట్టలే బిడ్డా."

"పొద్దుగాల అడివిలకెల్లి నువ్వే తెస్తవు. తొవ్వల ఏం జేస్తవో నేను సూత్తున్ననా?"

"పెట్టలేనే సారక్కా."

సారక్క పిల్లను తీసుకుని కల్లం ఆ చివరికి వెళ్లి, వీపు ఇటు పెట్టి కూర్చుంది. నా పక్కన కట్టలు కడుతున్న ఒకామె తల ఎత్తకుండా మెల్లగా చెప్పింది: "ఆళ్లకు మొదలు ఒక పిలగాడు పుట్టిండు టీచరమ్మా. నాట్లకు పోయిన్నాడు పోశవ్వ నాలికెకు మందు రాసింది. పొద్దుగూకినంక లేపితే లేవలే. ఆన్నుంచి ఏడాదిదాక సారక్క అత్తతోని మాట్లాడలే. ఇగో, ఈ పిల్ల పుట్టినంకనే మాట కలిసింది."

కలిసిన ఆ మాటను మేం ఒక్క ప్రశ్నతో తెంపేశాం. పిల్లను వరంగల్ దవాఖానలో చూపించి వస్తేనే మళ్లీ ఇక్కడ చేర్చుకుంటానని సుగుణమ్మ గారు అనేసింది. పిల్ల ప్రాణం ముందు ఆమెకు ఇంకేదీ కనపడదు.

సాయంత్రం పోశవ్వ ఒక్కతే బడి దగ్గరికి వచ్చింది. మెట్టు ఎక్కలేదు.

"అమ్మా, నన్ను ఆ ఇంట్ల ఉండనిస్తవా, ఉండనియ్యవా?"

సుగుణమ్మ గారు ఏదో అనబోయింది. మధ్యాహ్నం సారక్క అన్న 'అడివిలకెల్లి' అనే మాట అప్పుడు తట్టి, నేను అడ్డుపడి అడిగాను. అది మొదటి రోజే అడగవలసిన మాట.

"అవ్వా, పిల్ల పొద్దున ఎన్నింటికి లేస్తది?"

"మేం లేసినప్పుడే. మాతోనే అడివికి వస్తది కదా."

"అంత చీకట్ల పిల్లను అడివికి తోల్కపోతరా? ఇంట్ల పండబెట్టి పోరా?"

"ఇంట్ల ఎవలున్నరు బిడ్డా? మేం ఇద్దరమాయె. ఆ పిలగాడు పోయినంక సారక్క పిల్లను కండ్ల ముంగటికెల్లి పోనియ్యది. ఎండ ముదిరినంకనే నాతోని ఇక్కడికి పంపుతది."

సుగుణమ్మ గారు కుర్చీలోంచి లేచింది. అప్పటికే ఆమెకు మోకాళ్ల నొప్పులు. "రేపు నేనూ వస్తాను మీతో" అంది.

గొంతు వినపడాలి

తెల్లవారుజామున మూడింటికి ఊరి చివర ఆడవాళ్లు వరుసగా నడుస్తున్నారు, వాళ్ల పక్కన సుగుణమ్మ గారూ నేనూ. సారక్క వీపున సరోజ, కళ్లు విప్పుకుని, చేతులు ఆడిస్తూ ఉంది. ముందు నడిచే ఆమె ఒకసారి, వెనక ఆమె ఒకసారి, పిల్ల బుగ్గ గిల్లి నవ్వించేవారు. అందరికంటే వెనక పోశవ్వ. ఆమెతో ఎవరూ మాట్లాడటం లేదు.

అడవిలోకి వెళ్లాక తలా ఒక పొద దగ్గరికి చెదిరిపోయారు. సారక్క పాత చీర పరిచి పిల్లను కూర్చోబెట్టి, ఆ చుట్టుపక్కలే ఆకు తెంపుతోంది. చీకట్లో మనుషులు కనపడరు. అప్పుడు విన్నాం. కుడివైపు పొదలోంచి ఒకామె పిలిచింది:

"ఓ సరోజా!"

"ఊఁ..." అంది పిల్ల.

"యాడున్నవే?"

"బ్బ... బ్బ..."

ఎడమవైపు నుంచి ఇంకొకామె: "సరోజా! మీ నాయిన ఏం తెచ్చిండే?"

"ఊఁ!"

చెట్టు నుంచి చెట్టుకు ఆ పిలుపు తిరుగుతూనే ఉంది. కొంతసేపటికి పిల్ల కళ్లు నులుముకుని చీర మీద ఒరిగింది. దగ్గరలో ఉన్న ఒకామె గబగబా వచ్చి పిల్లను ఎత్తి ఎగరేసి, మూతి మీద ఊది నవ్వించింది.

సుగుణమ్మ గారు ఉండబట్టలేకపోయింది. "నిద్రొస్తోంది కదమ్మా దానికి. పడుకోనివ్వండి."

"వద్దమ్మా!" అందామె, పిల్లను భుజాన వేసుకుంటూ. "పండుకుంటే గొంతు ఇనరాదు. గొంతు ఇనరాకపోతే పిల్ల యాడున్నదో మాకు ఎర్కగాదు. ఆకు ఎంబడి ఎటెటో పోతం. మల్ల చప్పుడు లేకుంటే గుడ్డెలుగు దగ్గరిదాక వస్తది. మా అందరిట్ల పెద్ద గొంతు దీనిదే." పిల్ల వైపు తిరిగి, "అవునా కాదానే, మా మైకుసెట్టు?"

పిల్ల కిలకిలా నవ్వింది.

కాస్త వెలుగు వచ్చింది. దూరంగా ఒక పొద నుంచి మాత్రం పిలుపు రావడం లేదు. అది పోశవ్వ ఉన్న చోటు. పిల్ల ఆ దిక్కుకే తిరిగి "ఊఁ" అంటుంది, ఆగుతుంది, మళ్లీ అంటుంది. సారక్క చేతులు ఆకు మీద ఆగడం చూశాను.

నేను గడియారం చూసుకున్నాను. మూడింటి నుంచి ఎనిమిదింటికి ఐదు గంటలు. ఎనిమిది నెలల పిల్ల రెండున్నర, మహా అయితే మూడు గంటలు మేలుకుని ఉండగలదు. ఐదు గంటలు ఉంచితే పడిపోక ఏం చేస్తుంది? నేను చెప్పేలోపే సుగుణమ్మ గారు నా చేయి పట్టుకుంది. ఆమెకూ లెక్క అందింది.

ఆ మధ్యాహ్నం పందిరి ముందు, నిన్న అడిగిన చోటే నిలబడి, అందరూ వినేట్టు చెప్పింది. "పోశవ్వా, పిల్ల నిద్రలో తప్పేమీ లేదు. నేను నిన్ను అనరాని మాట అన్నాను. తప్పు నాది."

పోశవ్వ కట్టకు నార బిగించి ముడి వేసింది.

"ఆనాడు పెట్టింది నేనే అమ్మా. ఈనాడు పెట్టలే. రెండూ నిజమే" అంది.

సారక్క తల వంచుకుని ఆకు పేరుస్తూనే ఉంది.

మేం ఆ సాయంత్రమే కేంద్రం వేళ మార్చాం. పిల్లకు అంతసేపు నిద్ర ఆపడం మంచిది కాదని సుగుణమ్మ గారు ఆడవాళ్లకు నెమ్మదిగా చెప్పింది. పందిరి కింది తొట్టెల ఒకటి విప్పుకెళ్లి, అడవిలోకి దారి తిరిగేచోట ఇప్పచెట్టు కొమ్మకు కట్టాం. చీకటితో నేనే లాంతరు తీసుకుని అక్కడ కూర్చుంటానన్నాను. "మైకుసెట్టు లేకుంటే మాకెట్ల?" అని ఒకామె వేళాకోళమాడింది. ఖాళీ డబ్బాలో రాళ్లు వేసుకుని ఆడించుకుంటామని వాళ్లే తేల్చుకున్నారు. ఆ తర్వాత నేను పనిచేసిన ప్రతి చోటా, పిల్లను చేతిలోకి తీసుకోకముందే ఒక మాట అడిగాను: ఇవాళ ఎన్నింటికి లేచింది? మీరూ అడగండి. ఇంకేం మరిచిపోయినా ఫరవాలేదు.

మర్నాడు చీకటితో ఆడవాళ్లు ఇప్పచెట్టు దగ్గరికి వచ్చారు. నడకలోనే సరోజకు నిద్ర ముంచుకొస్తోంది, ఈసారి ఎవరూ గిల్లలేదు. నేను చేతులు చాచాను. సారక్క పిల్లను నాకు ఇవ్వలేదు. తొట్టెల్లో తానే పడుకోబెట్టింది. కళ్లు పూర్తిగా మూతపడేదాకా నిలబడి చూసింది. ఆకుమూట గుడ్డ నడుముకు చుట్టుకుని, వెనక దూరంగా నిలబడ్డ ముసలామె వైపు తిరిగింది.

"అత్తా, నువ్వు పిల్లకాడ కూసో. నీ వంతు ఆకు నేను తెంపుత."

పోశవ్వ కదల్లేదు. "టీచరమ్మ ఉన్నది గదనే."

"టీచరమ్మను కాదు, నిన్ను కూసొమ్మన్న."

చెప్పి వెనక్కి చూడకుండా అడవిలోకి వెళ్లిపోయింది. పోశవ్వ వచ్చి చెట్టు మొదట్లో కూర్చుంది. తొట్టెల గుడ్డలోకి చేయి పెట్టి పిల్ల ఛాతీ మీద ఆనించింది. ఊపిరికి ఆ చేయి లేస్తోంది, దిగుతోంది. నేను నీళ్లిచ్చినా తీసుకోలేదు. తెల్లారింది, చెట్ల మీద ఎండ పడింది. ఆమె ఆ చేయి తీయలేదు.

పిల్ల ముందు కాళ్లు ఆడించింది. తర్వాత ముఖం చిట్లించి, కళ్లు తెరిచి, నాయనమ్మను చూసి నవ్వింది. పోశవ్వ లేచి నిలబడి, అడవి వైపు తిరిగి, ఆ ముసలి గొంతు ఎంత సాగితే అంత గట్టిగా అరిచింది.

"ఓ సారక్కా! లేసిందే! బిడ్డా, పిల్ల లేసింది!"